మూడేసి లెక్కపెడితే ముగ్గొస్తాది

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో పిల్లలకి లెక్కలంటే రెండు గొడవలు, ఇంట్లో ఎక్కాలు బళ్ళో పణికియా, అంటే ఒడియాలో ఎక్కాలే. మా చిన్నోడు ఒడియా మీడియం, రెండో క్లాసు. బళ్ళో కోడియే అంటే ఏ కోడి అని అడిగేడంట, ఒడియాలో ఇరవైని కోడియే అంటారు మరి. రెండు భాషల్లోనూ బట్టీ పట్టి రెండూ కలిపేసేవాడు, దాంతో ఎక్కాలు పక్కన పెట్టేసి కొన్నాళ్ళు స్కిప్ కౌంటింగే చేయించేను, అంటే రెండేసి, మూడేసి చొప్పున దాటుకుంటూ లెక్కపెట్టడం.

ముందు చింతపిక్కలు ఓ గుప్పెడు తీసుకోండి. ఒకటి, రెండు గొణుక్కోవాలి, మూడు గట్టిగా అరవాలి, నాలుగు ఐదు గొణుక్కోవాలి, ఆరు గట్టిగా. ఇక్కడే పిల్లలు పప్పులో కాలేస్తారు, మూడు దగ్గర ఆగి మళ్ళీ ఆ మూడునే మొదటిదిగా పట్టుకుని మూడు నాలుగు ఐదు అనీసి 3, 5, 7 చెప్తారు. తిట్టకండి, మూడని అరిచేక ఆ మూడు పిక్కలూ పక్కకి నెట్టీమనండి చాలు, ఎదర ఉన్న పిక్కే నాలుగు అవుతాది.

వరసగా నేర్పేటప్పుడు ముందు 2, 5, 10, వాటికి పెద్ద టైం పట్టదు. తర్వాత 3 కాదు, మన వైపు 4 పట్టుకోవడం మంచిది. ఎందుకంటే పాత ఒడియా లెక్కలో నాలుగింటిని గండా అంటారు, అయిదు గండాలు ఒక కోడి, అంటే 20, ఇరవై గండాలు ఒక పణ, అంటే 80. 4, 8, 12, 16, 20 అని రాసి చివరి అంకెలు మాత్రమే చూడండి: 4, 8, 2, 6, 0. అయిదు గండాలకి చుట్టు పూర్తయిపోయింది, 24 నుంచి మళ్ళీ అదే పాట. ముసలోళ్ళ గండా, కోడి లెక్క ఊరికే పెట్టింది కాదనిపించింది నాకైతే.

ఇంకోటి, ఇది నేను లేటుగా పట్టుకున్నాను. పైకి చెప్పించేది ముందు తెలుగులోనే చెప్పించండి, రాయడం బళ్ళో ఎలా రాస్తే అలాగే. తెలుగులో ఇరవై దాటితే చివరి అంకె విడిగా చెవికి వినిపిస్తాది, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ఇరవై ఏడు, ఇలాగ. పదకొండు నుంచి పంతొమ్మిది దాకానే కాస్త మెలిక. ఒడియాలో అయితే 21 ఏకోఇశి, 24 చబిశ, 29 కి అణతిరిశ అంటే ముప్పైకి ఒకటి తక్కువని, అందులో తొమ్మిది ఎక్కడా వినబడదు. ప్యాటర్న్ ఉంటాది గానీ పేరులో దాక్కుంటాది. తెలుగులో చెవికి అలవాటయ్యేక ఒడియాకి మార్చుకోవడం వాడికే తేలికైపోయింది.

ఇప్పుడు 3. చివరి అంకెలు 3, 6, 9, 2, 5, 8, 1, 4, 7, 0, పది అంకెలూ ఒక్కోసారి వచ్చేకే మళ్ళీ మొదలు. 7 ది కింద రాయించండి: 7, 4, 1, 8, 5, 2, 9, 6, 3, 0. సున్నా వదిలేస్తే పైదాన్ని తిరగేసినట్టే! 7 కలపడమంటే పది కలిపి మూడు తియ్యడం కదా, పది కలిపితే చివరి అంకె మారదు, అందుకని వెనక్కి మూడు నడిచినట్టే ఉంటాది.

దీన్ని ముగ్గులో చూపిస్తే మా అమ్మ కూడా వచ్చి కూచుంది. గుండ్రంగా పది చుక్కలు పెట్టి 0 నుంచి 9 దాకా నెంబర్లు వెయ్యండి. సున్నా దగ్గర మొదలెట్టి 3 కి, అక్కణ్ణుంచి 6 కి, 9 కి, 2 కి అలా గీత లాగుతూ పోతే పది కోణాల నక్షత్రం పడతాది. 7 తో లాగినా అదే నక్షత్రం, చెయ్యి మాత్రం ఎదురు దిక్కున తిరుగుతాది. 4 తో అయిదు కోణాల నక్షత్రం, 6 తోనూ అదే. 5 తో మాత్రం ఏటీ లేదు, సున్నాకి అయిదుకీ మధ్య ఒక్క గీత, వాడికి మహా నవ్వొచ్చింది.

9 ది అందరికీ తెలిసిందే, పదుల అంకె ఒకటి పెరుగుతాది, చివరిది ఒకటి తగ్గుతాది, 09, 18, 27. సున్నా నుంచే మొదలెట్టక్కర్లేదని చెప్పడానికి గోడ క్యాలెండర్ చాలు, నెలలో మొదటి సంత 3వ తారీఖునైతే తర్వాతవి 10, 17, 24.

మొన్న మూడేసి చెప్తూ 30, 33, 36, 38 అన్నాడు, అని వాడే ఆగిపోయేడు. "ఆరు తర్వాత ఎనిమిది రాదు కదా, తొమ్మిదే కదా" అని మళ్ళీ 39 అన్నాడు, నేను నోరు మెదపలేదు.

8 గురించి మాత్రం మీరు ముందే చెప్పీకండి. 2 ముగ్గు పక్కన 8 ముగ్గు వెయ్యమని సుద్దముక్క చేతికిచ్చి మీ పని మీరు చూసుకోండి.