యజమాని దొరికేదాకా: దారి తప్పి వచ్చిన కుక్కను దగ్గర పెట్టుకోవడం

2024లో దీపావళి గురువారం వచ్చింది. ఆ రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో రాజమహేంద్రవరం దానవాయిపేటలోని మా ఇంటి గేటు కిందనుంచి ఒక తెల్లటి బొచ్చుకుక్క దూరి, వరండాలో చెప్పుల స్టాండు వెనక నక్కింది. వీధిలో లక్ష్మీ బాంబు పేలినప్పుడల్లా స్టాండు గడగడ వణికేది. చెప్పులు ఒక్కొక్కటే కిందపడేవి.

నేను కోర్టులో గుమాస్తాగా ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. కుక్కను పెంచిన అనుభవం లేదు. అయితే దొరికిన వస్తువును ఎలా భద్రపరచాలో, అది నాదేనంటూ వచ్చినవాణ్ణి ఏమి అడగాలో కొంచెం తెలుసు. తర్వాతి ఆరు రోజుల్లో ఆ తెలివే నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది. మిగతావన్నీ పశువుల డాక్టరుగారి దగ్గర, మా ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

అసలు తప్పిపోయిందా?

వీధిలో ఒంటరిగా కనబడ్డ ప్రతి కుక్కా తప్పిపోయింది కాదు. వీధికుక్కలకు వాటి వీధి ఉంటుంది, అన్నం పెట్టే ఇళ్లు ఉంటాయి. చెవి కొనను చిన్న ముక్క కత్తిరించి ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఉన్నచోటనే వదిలారని అర్థం. దాన్ని జాలిపడి ఇంటికి తెచ్చుకుంటే మీరే దాన్ని తప్పిపోయేలా చేసినట్టు. ముందు టీ కొట్టువాణ్ణి, అపార్టుమెంటు వాచ్‌మన్‌ను, పాలు పోసే అతన్ని అడగండి. తెల్లవారుజామున వీధిలో తిరిగేవాళ్లకు తెలియని కుక్క ఉండదు.

మా ఇంటికి వచ్చినదాని మెడ చుట్టూ బొచ్చు అణిగి ఒక గీతలా ఉంది. చాలాకాలం బెల్టు కట్టిన గుర్తు అది. బెల్టు మాత్రం లేదు. గోళ్లు పొడుగ్గా పెరిగి, గచ్చు మీద నడిస్తే టకటకమన్నాయి. వీధిలో తిరిగే కుక్కల గోళ్లు రోడ్డుమీదే అరిగిపోతాయి. పాదాల కింద చర్మం మెత్తగా ఉంది. దీన్నిబట్టి ఇది ఎవరో పెంచుకుంటున్న కుక్కేనని తేల్చుకున్నాం.

దగ్గరికి వెళ్లేటప్పుడు

భయపడ్డ కుక్క కరుస్తుంది. మంచి కుక్కా కరుస్తుంది. తరమవద్దు, మీద పడి పట్టుకోవద్దు, కళ్లలోకి సూటిగా చూడవద్దు. గేటు కింద సందు మూసేసి, కొంచెం దూరంలో పక్కకు తిరిగి కూర్చోండి. నేను పీట వేసుకుని, దానికి వీపు చూపిస్తూ ముప్పావుగంట కూర్చున్నాను. ఆ తర్వాత అదే వచ్చి నా మోచెయ్యి వాసన చూసింది. పిల్లలను మాత్రం మొదటి రెండు రోజులూ దగ్గరికి రానివ్వవద్దు. ఎదురింటి మనవడు "తాతగారూ, ఒక్కసారి ముట్టుకుంటాను" అని ఎంత బతిమాలినా నేను ఒప్పుకోలేదు.

నోటినుంచి చొంగ కారుతూ, తూలుతూ, దవడ వేలాడేసుకుని, కనబడ్డదాన్నల్లా కరుస్తున్న కుక్కయితే ఇదేదీ వర్తించదు. దూరంగా ఉండి పురపాలక సంఘానికి చెప్పండి.

కరిచినా, గోరు గీసుకుని రక్తం వచ్చినా, వెంటనే ఆ చోటును కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే మనకు పదిహేను నిమిషాలనిపించేది నిజానికి రెండు నిమిషాలు కూడా ఉండదు. కారం అద్దడం, సున్నం పూయడం వంటివి వద్దు. కడిగాక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. టీకా ఉచితం. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున ఇంకొకటి ఉంటుంది. చర్మం చీలి రక్తం వస్తే, గాయం దగ్గరే వేసే రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా అవసరం. కరిచిన కుక్కను పదిరోజులు కనిపెట్టుకుని ఉండాలి. ఆలోగా యజమాని వచ్చి తీసుకుపోతే అతని చిరునామా రాసి పెట్టుకోండి.

మొదటి రాత్రి

ఒక చిన్న చోటు చాలు. మేము వంటింటి పక్క స్టోరు గదిలో పాత దుప్పటి పరిచి, గిన్నెతో నీళ్లు పెట్టి, బాంబుల చప్పుడు వినబడకుండా కిటికీ మూసి ఫ్యాను పెద్దగా పెట్టాం. మేడమీద వదలవద్దు, భయంలో పిట్టగోడ దూకేస్తుంది. ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండింటినీ కలపవద్దు. ఒంటికి మసి పట్టి ఉన్నా ఆ రాత్రే స్నానం చేయించవద్దు. అది పడ్డ బెదురు చాలు.

పండగనాటి తిండి దానికి విషం కావచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసినవి పెట్టకూడదు. కిస్‌మిస్ వేసిన పాయసం, లడ్డు వద్దు. ద్రాక్ష ఎండినదైనా పచ్చిదైనా మూత్రపిండాలను పాడుచేస్తుంది. చాక్లెట్లు వద్దు. ఉడికించిన ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. ఒళ్లు వెచ్చగా ఉందని మనం వేసుకునే పారాసెటమాల్ వేయవద్దు. అది కుక్కల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఉప్పూకారం లేని మెత్తటి అన్నం, ఉడికించిన చికెన్ మంచివని మర్నాడు డాక్టరుగారు చెప్పారు. అయితే శనివారం నుంచి మా ఇంట్లో కార్తీకమాసం. మా ఆవిడ గుడ్డును కూడా గుమ్మంలోకి రానివ్వదు. పక్కింటివాళ్లు శుక్రవారం మధ్యాహ్నం చికెన్ ఉడకబెట్టి ప్రహరీ మీదనుంచి అందించారు.

కుక్క వాసన చూసి తల తిప్పేసుకుంది. పెరుగన్నాన్ని కూడా ముట్టలేదు. నాకు షుగరు ఉంది కాబట్టి రాత్రిళ్లు రెండు చపాతీలు తింటాను. ఆ రాత్రి కంచం ముందు కూర్చోగానే అది ఒక్క ఉదుటున వచ్చి పక్కన నిలబడింది. ముక్క వేస్తే నమలకుండానే మింగింది. నా చపాతీలు రెండూ దానికే పోయాయి. మా ఆవిడ చూసి, "ఇది అన్నం తినే ఇంటి కుక్క కాదండీ" అంది. అప్పటిదాకా 'కూర్చో' అంటే వెర్రిచూపులు చూసిన కుక్క, మా ఆవిడ టీవీ సీరియళ్ల హిందీలో 'బైఠో' అనగానే బుద్ధిగా చతికిలబడింది.

అందుకే చెబుతున్నాను. కుక్క నోరు లేనిది కావచ్చు గానీ, అదే మీకు మొదటి సాక్షి. అది ఏమి తింటుందో, ఏ భాషకు కదులుతుందో, స్కూటరు చప్పుడుకు లేస్తుందో ఆటో చప్పుడుకు లేస్తుందో, మంచం ఎక్కుతుందో గుమ్మం దగ్గరే ఆగుతుందో ఒక నోటుబుక్కులో తేదీ, వేళతో సహా రాయండి. అది ఎలాంటి ఇంటినుంచి వచ్చిందో ఆ కాగితమే చెబుతుంది.

డాక్టరు దగ్గర

మర్నాడే తీసుకెళ్లండి. దెబ్బలు, పిడుదులు, జ్వరం, కడుపుతో ఉందా, పళ్లనుబట్టి వయసెంత, ఇవన్నీ చూస్తారు. టీకాలు వేశారో లేదో తెలియదు కాబట్టి రేబిస్ టీకా సంగతి ఆయన్నే అడగండి. మేము పమేరియన్ అనుకున్నది ఇండియన్ స్పిట్జ్ అని డాక్టరుగారు దిద్దారు. మన ఊళ్లలో పమేరియన్ అని పిలిచేవాటిలో ఎక్కువ అవేనట. పోస్టరులో రెండు పేర్లూ వేశాను, వెతికేవాళ్లు ఏ పేరుతో వెతుకుతారో తెలియదు కదా.

మైక్రోచిప్ ఉందేమో చూడమనండి. భుజాల మధ్య చర్మం కింద బియ్యపుగింజంత ఉంటుంది. స్కానర్ పెడితే 15 అంకెల సంఖ్య వస్తుంది, ఆ సంఖ్య ఎవరి పేరున నమోదైందో చూసి యజమానిని కనుక్కోవచ్చు. చిప్ ఉన్నంత మాత్రాన కుక్క ఎక్కడుందో ఫోనులో కనబడుతుందని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. మాదానికి చిప్ లేదు.

వెతకడం, ఒక గుర్తు దాచుకోవడం

పోస్టరులో అన్నీ రాయకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. కోర్టులో దొంగసొత్తు తిరిగి ఇచ్చేటప్పుడు, గొలుసు నాదేనంటే సరిపోదు, దాని కొక్కెం ఎటు వంగిందో చెప్పాలి. మా కుక్కకు ఎడమ వెనక తొడ లోపల రూపాయి బిళ్లంత నల్లమచ్చ ఉంది. ఆ సంగతి మా ఇద్దరికీ, డాక్టరుగారికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆడదో మగదో కూడా వేయలేదు. ఫొటో ముందువైపునుంచే తీశాను. రంగు, సైజు, దొరికిన తేదీ, పేట పేరు, ఫోను నంబరు, అంతే. ఇంటి నంబరు వద్దు.

వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం అందరూ చేసేదే, చేయండి. నాకు మాత్రం కాగితమే పనిచేసింది. నవంబరులో మాకు వానలు పడతాయి కాబట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అంటించాను. పశువైద్యశాల, కుక్కల తిండి అమ్మే దుకాణం, మందుల షాపులు, ఆటో స్టాండు, దేవీ చౌక్. కార్తీకస్నానాలకు ఊరంతా వస్తుందని పుష్కరఘాట్ దారిలో రెండు. పారిశుద్ధ్య కార్మికులకు, పేపరు వేసే కుర్రాడికి ఫొటో చూపించాను. పోలీసు స్టేషనులో కూడా ఒక కాగితం రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాను. అక్కడ నవ్వారు, నవ్వనివ్వండి.

చపాతీ, 'బైఠో' రెండూ కలిపి చూస్తే హిందీ మాట్లాడే శాకాహారుల ఇల్లు అయ్యుండాలి. మా ఊళ్లో అలాంటి కుటుంబాలకు బట్టల వ్యాపారంతో సంబంధం ఎక్కువ. సోమవారం తాడితోటలోని మహాత్మాగాంధీ హోల్‌సేల్ క్లాత్ కాంప్లెక్స్‌కు వెళ్లి తెలుగులోనూ హిందీలోనూ రాసిన పోస్టర్లు పన్నెండు అంటించాను. హిందీ ముక్కను రిటైరైన హిందీ మాస్టారు ఒకాయన రాసిపెట్టారు.

నాదేనంటూ వచ్చేవాళ్లు

ఆదివారమే ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద వచ్చారు. "మా వాడేనండీ, పేరు టామీ, చాలా మంచివాడు" అన్నారు. మగకుక్కా అని అడిగాను. అవునన్నారు. నాలుక చివరిదాకా వచ్చిన మాట మింగి, పాత ఫొటోలు, టీకాల కార్డు తెమ్మన్నాను. మళ్లీ రాలేదు. జాతికుక్కలను అమ్ముకోవడానికో, పిల్లలు పెట్టించడానికో తీసుకుపోయేవాళ్లుంటారు. తప్పు చెప్పినవాళ్లకు సరైన జవాబు మీరు అందించవద్దు, అది రెండోవాడికి చేరుతుంది. కుక్క తోక ఊపిందని అప్పగించవద్దు. మాది గ్యాస్ బండ తెచ్చిన అతని మీదకు కూడా ప్రేమగా ఎగబాకింది.

బుధవారం సాయంత్రం ఒక బట్టల వ్యాపారి, పదేళ్ల కూతురితో వచ్చారు. ఫోనులో రెండేళ్లనాటి ఫొటోలున్నాయి. కార్డు ఉంది. గుర్తు ఏమిటని అడిగితే తండ్రి తడుముకున్నాడు. ఆ పిల్ల తన ఎడమ తొడ మీద వేలు పెట్టి చూపించింది.

చట్టం ఏమంటుంది

పెంపుడు కుక్క చట్టం దృష్టిలో చరాస్తి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ ప్రకారం, దొరికిన వస్తువును దగ్గర పెట్టుకున్నవాడికి, పరాయి సొత్తును భద్రపరిచేవాడికి ఉండే బాధ్యతలే ఉంటాయి. అంటే మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత కుక్కను ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలి. 168వ సెక్షన్ ఇంకా ముచ్చటైనది. మీరు పడ్డ శ్రమకు, పెట్టిన ఖర్చుకు యజమాని మీద దావా వేయలేరు గానీ, అవి ఇచ్చేదాకా వస్తువును ఇవ్వకుండా ఆపుకోవచ్చు. పట్టిచ్చినవారికి బహుమానమని యజమాని ముందే ప్రకటించి ఉంటే దానికోసం దావా కూడా వేయవచ్చు. యజమానికోసం తగినంత వెతకకుండా సొంతం చేసుకుంటే నేరమయ్యే వీలుంది. నా ఉద్యోగకాలంలో అది భారత శిక్షాస్మృతి 403వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 314. విసుగెత్తి మళ్లీ రోడ్డుమీద వదిలేద్దామనుకుంటే, ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం.

మొత్తం నాకు 860 రూపాయలైంది. రసీదులన్నీ ఒక కవర్లో పెట్టి ఇచ్చాను. మా ఆవిడ తిట్టింది. వ్యాపారి మాత్రం కవరు విప్పి, లెక్క కూడి, మారుమాట లేకుండా ఇచ్చారు. అప్పగించినట్టు ఒక కాగితం మీద ఇద్దరం సంతకాలు చేసుకున్నాం, ఫొటో కూడా తీసుకున్నాం. మీరూ అలాగే చేయండి. రేపు ఇంకెవరో వచ్చి కుక్క ఏదంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి.

చివరి పని, పోస్టర్లు పీకేయడం. నేను తాడితోటవి తీశాను, పుష్కరఘాట్ దారిలోవి మరిచిపోయాను. నవంబరు ఆఖరు దాకా ఫోన్లు వచ్చాయి. ఒకాయన తీరిగ్గా అంతా విని, "అది వెళ్లిపోయింది సరే, మీ దగ్గర ఇంకేమి కుక్కలున్నాయండీ?" అని అడిగాడు.