సెనేట్‌లో మధ్యేవాది బలాన్ని లెక్కగట్టడం ఎలా

అమెరికాలో ఫలానా సెనేటర్ సొంత పార్టీకే అడ్డం తిరిగాడని వార్త రాగానే అతను ఏమన్నాడో వినేముందు తలలు లెక్కపెట్టండి. మన దగ్గర విప్ ధిక్కరిస్తే పదో షెడ్యూల్ కింద సభ్యత్వమే పోవచ్చు. అక్కడ ఆ భయం లేదు, ఎదురు ఓటేసినా సీటు పదిలం. ఒక్క మనిషి బేరానికి అంత గిరాకీ అందుకే.

ముందు మిగులు చూడాలి. వందమంది ఉండే సెనేట్‌లో అధ్యక్షుడి పార్టీకి ఉన్న సీట్లలోంచి 50 తీసేయండి. టై పడితే ఉపాధ్యక్షుడి ఓటు ఉంటుంది కాబట్టి 51 అక్కర్లేదు. వచ్చిన అంకె ఎంతో అంతమంది జారిపోయినా బిల్లు బతుకుతుంది. 2021లో డెమొక్రాట్లకు సరిగ్గా 50, మిగులు సున్నా. 2017లో రిపబ్లికన్లకు 52, మిగులు రెండు. ఆ జులై 28న ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) రద్దు బిల్లు 49-51తో పడిపోయింది. రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్ బొటనవేలు కిందికి దించిన సంగతే అందరూ చెప్పుకుంటారు గానీ, అదే పార్టీ సెనేటర్లు కాలిన్స్, మర్కౌస్కీ అప్పటికే ఎదురు నిలవకపోతే అది వట్టి వేలే. ఓటింగ్ రోజు సభకు ఎవరు రాలేదో కూడా చూసుకోండి, గైర్హాజరీతో లెక్క మారుతుంది.

తర్వాత, బిల్లు ఏ దారిలో వస్తోంది? మామూలు బిల్లుకు ఫిలిబస్టర్ (చర్చను సాగదీసి బిల్లును ఓటుదాకా రానివ్వని ఎత్తు) దాటాలంటే 60 ఓట్లు కావాలి. అక్కడ సొంత పార్టీలో అలిగినవాడికంటే అవతలి నుంచి పదిమందిని తేగలిగినవాడిదే పైచేయి. 2021 ఆగస్టులో మౌలిక వసతుల బిల్లు 69-30తో గట్టెక్కింది అలాగే. బడ్జెట్‌కు సంబంధించిన రీకన్సిలియేషన్ బిల్లుకైతే సాధారణ మెజారిటీ చాలు. సొంత పార్టీ మధ్యేవాదికి గిట్టుబాటయ్యేది ఇక్కడే. ఒక్క జాగ్రత్త: తీసేసిన ప్రతి అంశాన్నీ అతని ఖాతాలో వేయకండి. 15 డాలర్ల కనీస వేతనం రీకన్సిలియేషన్‌లో చెల్లదని 2021 ఫిబ్రవరిలో తేల్చింది సభా నిబంధనలు చూసే పార్లమెంటేరియన్.

అసలు బేరం ఎలా ఉంటుందో 2021 మార్చి 5న చూడొచ్చు. కోవిడ్ సాయం బిల్లులో నిరుద్యోగ భృతికి ప్రతినిధుల సభ పెట్టింది వారానికి 400 డాలర్లు. ఆ ఉదయం సెనేట్ డెమొక్రాట్లు 300కు దిగి, సెప్టెంబరు చివరిదాకా ఇద్దామన్నారు. వెస్ట్ వర్జీనియా సెనేటర్ జో మాంచిన్ ఒప్పుకోలేదు. ఆయన దిగొచ్చేదాకా కనీస వేతనం సవరణపై మొదలైన ఓటింగ్‌ను ముగించకుండా 11 గంటల 50 నిమిషాలు సాగదీశారు. చివరికి కుదిరింది: 300 డాలర్లు, సెప్టెంబరు 6 వరకే, ఆ భృతిపై పన్ను మినహాయింపు ఏటా లక్షా యాభైవేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే. మర్నాడు బిల్లు 50-49తో నెగ్గింది. తుది ఓటు ఒక్కటే చూస్తే మాంచిన్ బుద్ధిమంతుడైన పార్టీ మనిషిలా కనిపిస్తాడు. అందుకని ప్రతినిధుల సభ బిల్లునూ సెనేట్ బిల్లునూ పక్కపక్కన పెట్టి, మారిన అంకెలూ తేదీలూ ఏరండి.

అతన్ని పార్టీ బెదిరించగలదా అన్నది ఇంకో ప్రశ్న. 2020లో వెస్ట్ వర్జీనియాలో ట్రంప్‌కు 68 శాతం పైగా ఓట్లు పడ్డాయి. మాంచిన్‌ను పోగొట్టుకుంటే ఆ సీటు మళ్లీ డెమొక్రాట్లకు దక్కేది కాదు. అలాస్కా సెనేటర్ మర్కౌస్కీ 2010లో ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నికలో) ఓడి కూడా, బ్యాలెట్‌లో లేని తన పేరును ఓటర్లతో రాయించుకుని గెలిచిన మనిషి. నార్త్ కరోలినా టిల్లిస్‌కు ఆ వెసులుబాటు లేదు. 2025 జూన్‌లో ట్రంప్ పన్నులు, ఖర్చుల బిల్లుకు ఎదురు నిలిచిన మర్నాడే మళ్లీ పోటీ చేయనని ప్రకటించాడు.

ఎక్కువమంది బోల్తా పడేది రెండుచోట్ల. చర్చకు అనుమతించే ఓటును తుది ఓటుగా పొరబడటం మొదటిది. 2017లో చర్చకు సరేనన్న మెకెయిన్ మూడు రోజులకే బిల్లును పడగొట్టాడు. రెండోది, ‘వద్దు’ అన్నవాళ్లకే బలం ఉందనుకోవడం. అదే ట్రంప్ బిల్లు తుది ఓటుకు వచ్చిన 2025 జులై 1న రిపబ్లికన్లకు 53 సీట్లు, మిగులు మూడు. టిల్లిస్, పాల్, కాలిన్స్ ఆ మూడూ వాడేసుకున్నారు, బిల్లు ఆగలేదు. నాలుగో మనిషి కాగల మర్కౌస్కీ ‘సరే’ అంది, ఉపాధ్యక్షుడు వాన్స్ టై తెంచాడు. బదులుగా ఆమెకు దక్కినవి బిల్లులోనే ఉన్నాయి: ఆహార సాయం ఖర్చులో రాష్ట్రాల వాటాకు అలాస్కా లాంటి చోట్ల వాయిదా, తిమింగలాల వేట కెప్టెన్లకు పదివేల నుంచి యాభైవేల డాలర్లకు పెరిగిన పన్ను మినహాయింపు.

‘వద్దు’ను శాశ్వతం అనుకోకండి. బైడెన్ భారీ ఖర్చుల బిల్లుపై 2021 జులైలోనే మాంచిన్ తన షరతులు కాగితం మీద పెట్టి, సెనేట్ డెమొక్రాట్ల నేత షూమర్‌తో సంతకం చేయించుకున్నాడు: మొత్తం ఒకటిన్నర ట్రిలియన్ డాలర్లు మించకూడదు. డిసెంబరు 19న టీవీలో ‘నావల్ల కాదు’ అన్నాడు. 2022 ఆగస్టు 7న బాగా చిక్కిన బిల్లు 51-50తో నెగ్గింది.

చివరగా రెండో సభ ఎవరి చేతిలో ఉందో చూడండి. 2023లో సెనేట్ డెమొక్రాట్ల బలం 51, మిగులు ఒకటి. కానీ ప్రతినిధుల సభ రిపబ్లికన్లకు పోయింది, రీకన్సిలియేషన్ దారి మూసుకుపోయింది. మాంచిన్ సీటు అదే, ఓటు అదే, బేరానికి మాత్రం బిల్లే లేదు.