ఊరెళ్లే ముందు తలుపు స్క్రూలు విప్పి చూడండి

పోయిన సంక్రాంతికి మా రామంతాపూర్ గల్లీలో, మాకు నాలుగిళ్ల అవతల దొంగలు పడ్డారు. పొద్దున్నే వెళ్లి చూస్తే తాళం వేసింది వేసినట్టే ఉంది, దాని మీద గీత కూడా పడలేదు. ఆల్డ్రాప్ (తలుపు బయట తాళం వేసే పెద్ద గడియ) మాత్రం చెక్కలోంచి ఊడొచ్చి తాళంతో సహా వేలాడుతోంది. మెట్టు మీద పడున్న స్క్రూ ముప్పావు అంగుళం కూడా లేదు. ఆ ఇంటి అక్క గేటు దగ్గరే కూలబడి "తాళం మంచిదే కొన్నం కదా తమ్మీ" అని ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. సాయంత్రం మా తలుపు విప్పి చూస్తే మావీ అవే స్క్రూలు.

అందుకే కెమెరా కొనే ముందు తలుపు సంగతి చూడండి. గడియ కొక్కెం చౌకట్‌కి పట్టుకునే చోట ఉన్న పొట్టి స్క్రూలు తీసేసి 2 అంగుళాలవి బిగించండి. ముందు స్క్రూ కంటే సన్నటి బిట్‌తో డ్రిల్ చేసి, స్క్రూకి కాస్త సబ్బు రాస్తే చెక్క చీలకుండా సాఫీగా దిగుతుంది. పాత రంధ్రం వదులైపోయి స్క్రూ ఊరికే తిరుగుతుంటే, మందు తీసేసిన అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి రంధ్రం నిండా కుక్కి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్లీ బిగించండి, గట్టిగా పట్టేస్తుంది. బయటి ఆల్డ్రాప్‌కి మాత్రం స్క్రూలు వద్దే వద్దు. తలుపు ఇవతలి నుంచి అవతలికి వెళ్లే బోల్టులు వేసి, లోపలి వైపు పెద్ద వాషర్ పెట్టి నట్టు బిగించాలి, అప్పుడు రాడ్ పెట్టి పెకిలించినా తేలిగ్గా రాదు. ఇవన్నీ రాణీగంజ్‌లోనో ట్రూప్ బజార్‌లోనో దొరుకుతాయి, మీ వీధి చివర హార్డ్‌వేర్ షాపులో అడిగినా ఇస్తారు, డ్రిల్ మిషన్ ఒక్కటి ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకుంటే పెద్ద ఖర్చేం కాదు.

గ్రిల్ గేటు ఉన్నవాళ్లు తాళం కప్ప లోపలి వైపుకి వేలాడేట్టు వేసి, వెనక కర్టెన్ వదిలేయండి, రోడ్డు మీంచి తాళం కనబడదు. ఇంట్లో ఉన్నప్పుడు గేటు తాళం వేసుకుంటే తాళంచెవి పక్కనే మేకుకి తగిలించి, ఇంట్లో అందరికీ చూపించండి (కిటికీలోంచి చేయి పెడితే అందకూడదు), నిప్పంటుకుంటే వెతుక్కునే టైం ఉండదు.

తర్వాత కిటికీలు. స్లైడింగ్ కిటికీ గొళ్లెం వేసి, అద్దాన్ని రెండు చేతులతో పైకెత్తి చూడండి. కింది ట్రాక్ దాటి లేస్తే బయటివాడికీ లేస్తుంది. పై ట్రాక్‌లో ఒకటి రెండు చిన్న స్క్రూలు తల కాస్త బయటికి ఉండేలా దింపితే ఆ ఎత్తడం ఆగిపోతుంది, కింది ట్రాక్‌లో సరిగ్గా ఇమిడేలా కర్ర ముక్క కోసి పడుకోబెడితే పక్కకి జరగదు. గ్రిల్ స్క్రూలు బయటి వైపు ఉంటే వాటి తలల గాడి నిండా ఎంసీల్ (కలిపి పూస్తే గట్టిపడే పుట్టీ) పూసేయండి, స్క్రూడ్రైవర్ పట్టదు. చాలామంది మరిచిపోయేది బాత్‌రూం వెంటిలేటర్. ఆ అద్దం పలకలు ఒక్కొక్కటిగా లాగితే వచ్చేస్తాయి, లోపల చిన్న గ్రిల్ ఉండాల్సిందే. డాబా మీద మెట్ల గది తలుపూ అంతే, దానికి మామూలు గడియ చాలదు.

ఇంట్లో ఎవరూ లేరని చెప్పేది తాళం ఒక్కటే కాదండీ. అందరి వాకిళ్లలో రథం ముగ్గులుంటే మీ వాకిలి మాత్రం మూడు రోజులుగా బోసిగా ఉంటే, గేటులో పేపర్లు పోగుపడితే, పట్టపగలు వరండా లైటు వెలుగుతుంటే దారిన పోయే ఎవరికైనా అర్థమైపోతుంది. పేపరు, పాలు ఆపించండి. పక్కింటి పిన్నిగారిని "మా వాకిట్లో కూడా రెండు చుక్కలు పెట్టండి పిన్నీ" అని అడగడానికి మొహమాటం వద్దు, మీరు ఉన్నప్పుడు వాళ్లింటికి అదే చేయండి. లైటుకి డే-నైట్ సెన్సార్ హోల్డర్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, చీకటి పడితే వెలిగి తెల్లారితే అదే ఆరిపోతుంది. తాళంచెవి చెప్పుల స్టాండులో, పూలకుండీ కింద, మీటర్ బాక్సులో పెట్టే అలవాటు మాత్రం ఈరోజే మానేయండి.

ఇంకో రెండు మూడు వందలు పెట్టగలిగితే తలుపుకి అయస్కాంతం అలారం అంటించండి. చౌకట్‌కి ఒక ముక్క, తలుపుకి ఒక ముక్క, రెండూ దూరం జరగ్గానే మోగుతుంది. బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి ఊరెళ్లే ముందు ఒకసారి మోగించి చూసుకోండి. మూలన పడున్న పాత స్మార్ట్‌ఫోన్‌ని యాప్ వేసి కెమెరాగా వాడొచ్చు కానీ, రోజుల తరబడి చార్జింగ్‌లోనే వదిలేస్తే బ్యాటరీ ఉబ్బుతుంది, దాన్ని నమ్ముకుని వారం రోజులు ఊరెళ్లడం నాకైతే ఇష్టం లేదు.

బయల్దేరే ముందు మీ పోలీస్ స్టేషన్‌లో ఫలానా రోజుల్లో మేం ఇంట్లో ఉండం అని చెప్పండి, పండగలకి వాళ్లే చెప్పమని అడుగుతుంటారు. తిరిగొచ్చేసరికి గడియ విరిగి కనబడితే లోపలికి అడుగు పెట్టొద్దు, దొంగ ఇంకా లోపలే ఉండొచ్చు. బయటే దూరంగా నిలబడి 100కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, క్లూస్ టీం వచ్చి వేలిముద్రలు తీసేదాకా తలుపునీ బీరువానీ ఎవరినీ ముట్టనివ్వకండి.