మందు కొట్టే డ్రోన్ తూలకుండా ఎగరాలంటే

హెలికాప్టర్‌కి పైన పెద్ద రెక్క ఒకవైపు తిరుగుతుంటే ఒళ్ళు రెండోవైపు తిరగబోతుంది. తోక రెక్క దాన్ని ఆపుతుంది. మన దాళ్వా చేలల్లో మందు కొట్టే ఆరు రెక్కల డ్రోన్‌కి తోక ఉండదు. పక్కపక్క రెక్కలు ఎదురు దిశల్లో తిరిగి ఆ మెలిని కొట్టేసుకుంటాయి. ముందుకు వెళ్ళడానికి వెనక మోటార్లు వేగం పెంచుతాయి. మూతి తిప్పడానికి ఒకే దిశలో తిరిగే మూడూ పెరిగి, మిగతా మూడూ తగ్గుతాయి.

కాబట్టి రెక్క మార్చినప్పుడు దిశ గుర్తు తప్పకుండా చూడండి. తారుమారైతే గట్టు మీంచి లేస్తూనే బోల్తా కొడుతుంది.

తర్వాత రెక్క అంచు వెంట గోరు నడపండి. ఎక్కడైనా తగులుకుంటే ఆ మోటారు మీది రెక్కల జత తీసేయండి, అతికించొద్దు. చిన్న పెచ్చు ఊడినా అదురు పుట్టి సెన్సర్లు తికమకపడతాయి. మడత రెక్క దానంతటది జారకూడదు, వేలితో నెడితే కదలాలి.

ఒకేచోట నిలవకుండా గుండ్రంగా తిరుగుతుంటే అనుమానం దిక్సూచి మీదే. ట్రాన్స్‌ఫార్మర్‌కి, ఆయిల్ ఇంజనుకి, ఇనప వంతెనకి దూరంగా వెళ్ళి సరిచేయండి.

కోనసీమలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి అందుకుంటుంది, పొద్దున్నే ముగించండి. కొబ్బరి వరస చాటు దాటగానే గాలి పక్కనుంచి కొడుతుంది. అక్కడ వేగం ముందే తగ్గించండి.