బరువు లాగే డీజిల్ పికప్ – మూడో పాఠం: ఇంజిన్ కంటే ముందు గేర్‌బాక్స్

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారనుకుంటాను. డ్రైవర్ వైపు తలుపు తీసి, డోర్ ఫ్రేమ్ మీద అంటించిన పసుపు తెలుపు స్టిక్కర్‌లో పేలోడ్, అంటే బండి మోయగల బరువు, ఎంతో రాసుకోమన్నాను. మీరు చూస్తున్నది ముప్పావు టన్ను డీజిల్, అంటే రామ్, జీఎంల 2500 లేదా ఫోర్డ్ ఎఫ్-250 తరగతి బండి అయితే ఆ అంకె చూసి ఉసూరుమని ఉంటారు. చాలా బండ్లకు అది రెండు వేల పౌండ్లకు అటూ ఇటూగానే ఉంటుంది. బండి, అందులో మనుషులు, సామాను అంతా కలిపి 10,000 పౌండ్లు దాటకూడదని చాలా బండ్లకు కంపెనీ గీత గీసేస్తుంది. అందులో రామ్ బండ్లకు వచ్చే కమిన్స్ డీజిల్ ఇంజిన్ ఒక్కటే వెయ్యి పౌండ్ల పైమాట.

మన ఉదాహరణ గుర్తుంది కదా: 14,000 పౌండ్ల గూస్‌నెక్ ట్రైలర్ (ట్రక్కు తొట్టి మధ్యలో తగిలించేది), దాని మీద చిన్న ట్రాక్టరు, గడ్డి మోపులు. ఇందులో అయిదో వంతు, అంటే 2,800 పౌండ్లు, నేరుగా ట్రక్కు వెనక ఇరుసు మీద పడుతుంది. ఎడ్లబండికి లోడు ఎత్తిన వాళ్లకు ఇది కొత్త కాదు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు ఎక్కువైతే ఎడ్ల మెడ మీద భారం పడుతుంది. ఇక్కడ మెడ మన ట్రక్కు వెనక ఇరుసే. అందుకే ఈ ట్రైలర్‌కు ఒక టన్ను బండే, అంటే 3500 తరగతే కావాలని తేల్చుకున్నాం. ఇవాళ ఆ బండిలో ఏ గేర్‌బాక్స్ ఉండాలో చూద్దాం.

ఒకే ఇంజిన్, మూడు అంకెలు

అమెరికాలో పికప్ కొనబోయే మనవాళ్లు మొదట అడిగేది హార్స్‌పవర్ ఎంత అని. నేను మాత్రం ముందు గేర్‌బాక్స్ ఏదని అడగమంటాను. ఎందుకో కంపెనీ అంకెలతోనే చూపిస్తాను.

2013 రామ్ 3500 తీసుకోండి. ఇంజిన్ 6.7 లీటర్ల కమిన్స్, వరసగా ఆరు సిలిండర్లు. అదే ఇంజిన్‌కు మూడు రకాల గేర్‌బాక్స్‌లు పెట్టి అమ్మారు. ఆరు గేర్ల మాన్యువల్‌తో కొంటే టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 660 పౌండ్-అడుగులు. 68ఆర్ఎఫ్ఈ అనే ఆటోమేటిక్‌తో కొంటే 800. ఐసిన్ కంపెనీ ఆటోమేటిక్‌తో కొంటే 850. ఇనుము అదే, పిస్టన్లూ అన్నే. వెనకున్న గేర్‌బాక్స్ ఎంత తట్టుకోగలదో చూసి, ఇంజిన్ కంప్యూటర్‌లో ఆ మేరకు కళ్లెం బిగించారు. 2019కి వచ్చేసరికి 68ఆర్ఎఫ్ఈతో 850 దగ్గర ఆపితే, ఐసిన్‌తో 1,000 దాకా వదిలారు.

ఏ గేర్‌బాక్స్ మీద ఎంత నమ్మకం ఉందో తయారుచేసిన వాళ్లే ఇలా అంకెల్లో రాసిపెట్టారు. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఇంకెక్కడ దొరుకుతుంది? బయట ఎవరో ట్యూనింగ్ చేసి 800 టార్క్‌ను 1,000కి పెంచితే, ఆ కళ్లెం తెంపినట్టే. దెబ్బ తగిలేది ఇంజిన్‌కు కాదు, గేర్‌బాక్స్‌లోని క్లచ్ ప్లేట్లకు.

ఇప్పుడు చిన్న గుణకారం. కదలని బరువును కదిలించేది మొదటి గేరు నిష్పత్తి, ఇరుసు నిష్పత్తి (వెనక ఇరుసులోని గేర్లది) కలిసి. 68ఆర్ఎఫ్ఈ మొదటి గేరు 3.23. ఇరుసు 3.42 అయితే రెండూ గుణిస్తే 11 వస్తుంది. ఐసిన్ మొదటి గేరు 3.75. దానికి 4.10 ఇరుసు ఉంటే 15.4. టార్క్ తేడా పక్కన పెట్టినా, ఈ గుణకారంతోనే చక్రం దగ్గర దాదాపు 40 శాతం ఎక్కువ బలం. చిత్తడి నేలలో లోడుతో ఆగిపోయిన ట్రైలర్‌ను కదిలించేటప్పుడు ఈ తేడా కాలి కింద తెలుస్తుంది. ప్రకటనలో "డీజిల్, 4x4, లెదర్ సీట్లు" అని రాస్తారు గానీ ఇరుసు నిష్పత్తి రాయరు. అడిగి తెలుసుకోండి. అమ్మేవాడికి తెలియకపోతే విన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్య) డీలర్ దగ్గర బిల్డ్ షీట్, అంటే బండిలో కంపెనీ ఏమేం పెట్టిందో చూపే కాగితం, తీయించుకోవచ్చు.

వేడి ఎక్కడ పుడుతుంది

ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. దాని నిండా నూనె. ఇంజిన్ ఆ నూనెను తిప్పితే, నూనె అవతలి చక్రాన్ని తిప్పుతుంది. లోపల ఉన్న లాకప్ క్లచ్ పట్టుకుంటే రెండూ ఒక్కటై తిరుగుతాయి, అప్పుడు వేడి తక్కువ. అది వదిలేస్తే మాత్రం కవ్వంతో మజ్జిగ చిలికినట్టు నూనెను చిలుకుతూనే ఉంటుంది. బరువు ఎక్కువై, వేగం తగ్గి, ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ చిలుకుడంతా వేడిగా మారుతుంది. గేర్‌బాక్స్‌ను చంపేది ఆ వేడే.

నాకు ఇది రాటన్ పాస్‌లో తెలిసొచ్చింది. టెక్సాస్ నుంచి కొలరాడోకు ఐ-25 మీద వెళ్లేవాళ్లు ఎక్కే కనుమ అది, ఎత్తు 7,834 అడుగులు. నా మొదటి పికప్, వెనక నిండు లోడు. ఓవర్‌డ్రైవ్‌లోనే, అంటే వేగంగా పోయేందుకు ఉండే పై గేరులోనే, వదిలేసి, ముందు కార్లతో సమానంగా వెళ్లాలని తొక్కుతున్నాను. బండి ఒక గేరు దిగుతోంది, పది సెకన్లకు మళ్లీ ఎక్కుతోంది, మళ్లీ దిగుతోంది. ప్రతి మార్పుకూ లాకప్ వదిలేస్తోంది. గేర్‌బాక్స్ నూనె వేడి చూపే గేజు 190 డిగ్రీల నుంచి కదిలి 210, 220 దాటింది. 235 చూసేసరికి నా అరచేతులు తడిసిపోయాయి. పక్కన నా భార్య, వెనక పిల్లలు. రోడ్డు పక్క వెడల్పు చోటు చూసి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ వెయ్యి ఆర్‌పీఎం పైన తిరిగేలా పట్టుకుని కూర్చున్నాను. పావుగంటకు సూది దిగింది.

మళ్లీ బయలుదేరినప్పుడు ఓవర్‌డ్రైవ్ తీసేసి, గంటకు 40 మైళ్లకు మించకుండా, లాకప్ పట్టుకున్న గేరులోనే కొండ ఎక్కాను. ఇంజిన్ శబ్దం పెరిగింది. గేజు మాత్రం 205 దగ్గర కదలకుండా నిలబడింది. అదే బండి, అదే కొండ, అదే లోడు. కింది గేరులో ఎక్కువ శబ్దం చేస్తూ పోవడం ఇంజిన్‌కు హింస అని మనవాళ్లు అనుకుంటారు. లోడు ఉన్న డీజిల్‌కు అది హింస కాదు, సుఖం.

నేను పెట్టుకున్న గీతలు ఇవి. ఫారెన్‌హీట్‌లో 200 దాకా నిశ్చింత. 220 దాటితే వేగం తగ్గించి గేరు దించుతాను. 240 దగ్గరికి వస్తే ఆపేస్తాను. బండితో వచ్చే మాన్యువల్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. లోడు తగిలించిన రోజు, గేర్లను బరువుకు తగ్గట్టు మార్చే టో-హాల్ బటన్ ఇంటి ముందే నొక్కండి, కొండ కింద కాదు.

దిగేటప్పుడు

ఎక్కడం కంటే దిగడమే ప్రాణం మీది విషయం. డీజిల్‌కు పెట్రోల్ ఇంజిన్‌లా గాలిని అడ్డుకునే త్రాటిల్ ఉండదు కాబట్టి కాలు తీసినంత మాత్రాన పెద్దగా ఆపదు. ఎగ్జాస్ట్ బ్రేక్ ఉంటే టర్బోలోని దారి ఇరుకై, పొగ బయటికి పోకుండా అడ్డుపడి, ఇంజినే బండిని వెనక్కి పట్టుకుంటుంది. రామ్‌లో 2007 మధ్యలో వచ్చిన 6.7 కమిన్స్ నుంచి, జీఎం డ్యూరామాక్స్ డీజిల్ ఇంజిన్‌లో 2011 నుంచి ఇది కంపెనీ నుంచే వస్తోంది. ఈ పట్టు చక్రాల దాకా చేరాలంటే గేర్‌బాక్స్ లాకప్ వదలకూడదు, కింది గేరులో నిలబడగలగాలి. ఇక్కడ కూడా మళ్లీ గేర్‌బాక్స్ దగ్గరికే వచ్చాం చూడండి.

సెకండ్‌హ్యాండ్ సంతలో ఏది ఏది

రామ్ పాత బండ్లంటే చాలామందికి ప్రాణం. 1998 దాకా వచ్చిన 5.9 లీటర్ల పన్నెండు వాల్వుల కమిన్స్ మంచి ఇంజిన్, ఒప్పుకుంటాను. కానీ దాని వెనక ఉన్న ఆటోమేటిక్‌కు నాలుగే గేర్లు, మొదటిది 2.45. 2003లో వచ్చిన 48ఆర్ఈ అనే ఆటోమేటిక్ కాస్త గట్టిదే అయినా గేర్లు ఆ నాలుగే. 14,000 పౌండ్ల ట్రైలర్‌కు ఆ బండి కొంటే, గేర్‌బాక్స్ పూర్తిగా విప్పి కట్టించే ఖర్చు ధరలో కలిపి లెక్క వేసుకోండి. 2007 మధ్య తర్వాతి 68ఆర్ఎఫ్ఈ, ట్యూనింగ్ చేయని బండిలో, మితమైన లోడుకు సరిపోతుంది. ఐసిన్ 2013 నుంచి, 3500లోనే దొరుకుతుంది.

నా మనసు ఎటుందో దాచను. జీఎం బండ్లలో 2001 నుంచి డ్యూరామాక్స్ వెనక వచ్చిన అలిసన్ 1000 గేర్‌బాక్స్ మీదే నా నమ్మకం. మొదట అయిదు గేర్లు, 2006 నుంచి 2019 దాకా ఆరు. ఆయిల్ ఫిల్టర్‌లా బయటికే కనిపించే ఫిల్టరు, దాన్ని చేత్తో తిప్పి తీయొచ్చు. అయితే ఇంజిన్ సంవత్సరం చూసుకోవాలి. 2001-04 మధ్య బండ్లకు ఇంజెక్టర్ల గొడవ ఉంది. 2011-16 వాటిలో సీపీ4 అనే డీజిల్ పంపు ఉంది. అది పాడైతే ఇనుప రజను ఇంధనంలో కలిసి ఇంజెక్టర్ల దాకా పాకుతుంది, ఖర్చు తడిసి మోపెడవుతుంది. 2006-10 బండ్లు, లేదా డబ్బు ఉంటే 2017-19 బండ్లు నా ఎంపిక. 2020 నుంచి వచ్చిన పది గేర్ల దాని మీద అలిసన్ పేరు ఉన్నా తయారుచేసేది జీఎం.

ఫోర్డ్ దగ్గర నా మాట కొంత తిరగబడుతుంది. 2003లో వచ్చిన అయిదు గేర్ల టార్క్‌షిఫ్ట్ మంచి గేర్‌బాక్స్, కానీ దాని ముందున్న 6.0 లీటర్ల ఇంజిన్‌కు ఈజీఆర్ కూలరు (తిరిగి ఇంజిన్‌లోకి పోయే పొగను చల్లార్చేది), హెడ్ గ్యాస్కెట్ల తలనొప్పి. కాబట్టి గేర్‌బాక్స్ ముందు చూడమన్నానంటే ఇంజిన్ చూడొద్దని కాదు. 2011 నుంచి 6.7 లీటర్ల ఇంజిన్‌తో వచ్చిన ఆరు గేర్లది చాలా గట్టిది. మొదటి గేరు 3.97, లోడుతో కదలడానికి హాయిగా ఉంటుంది. సీపీ4 పంపు భయం ఇందులోనూ ఉంది.

ఇంకొకటి. పొగ శుద్ధి చేసే డీపీఎఫ్, డెఫ్ పీకేసిన "డిలీట్" బండి చవకగా వస్తుంది. అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, తీసుకోకండి.

బామ్మర్దితో ఒక ఉదయం

మా బామ్మర్ది ఒక 2014 మాన్యువల్ 3500 చూసి ఫోన్ చేశాడు. "బావా, మాన్యువల్ అయితే ట్రాన్స్‌మిషన్ కాలిపోయే టెన్షనే ఉండదు కదా?" అన్నాడు. సగం నిజం. మాన్యువల్‌లో నూనె చిలకదు, కానీ క్లచ్ కాలుతుంది. వాళ్ల పొలంలో షెడ్డు మిట్ట మీద ఉంది. ట్రైలర్‌ను వెనక్కి, ఎత్తుకు తోయాలి, రోజూ. ఆ పనిలో క్లచ్ వాసన ఎలా వస్తుందో వాడికి చెప్పాక వాడే ఆలోచన మార్చుకున్నాడు. ఎప్పుడూ చదునైన రోడ్డు మీద, దూరాలు పోయేవాళ్లకైతే మాన్యువల్ ఇప్పటికీ మంచిదే. డీజిల్ పికప్‌లో చివరి మాన్యువల్ 2018 రామ్‌దే.

తర్వాత ఒక 2008 అలిసన్ బండి చూడటానికి ఇద్దరం వెళ్లాం. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని అమ్మేవాడికి ముందే చెప్పాను. వెళ్లగానే హుడ్ మీద చెయ్యి పెట్టి చూశాం, చల్లగా ఉంది. స్టార్ట్ చేసి, బ్రేక్ మీద కాలు ఉంచి, రివర్స్‌లో వేశాం. ఒకటి, రెండు లెక్కపెట్టేలోపు బండి మెత్తగా పట్టుకుంది. డ్రైవ్‌లోనూ అంతే. రెండు సెకన్లు దాటినా, ధడేల్మని కుదిపినా ఆలోచించాల్సిందే.

రోడ్డు మీద 50 మైళ్ల వేగంలో, యాక్సిలరేటర్ కదపకుండా ఎడమ కాలితో బ్రేకును ఊరికే తాకమన్నాను. ఆర్‌పీఎం కాస్త లేచింది, కాలు తీయగానే మళ్లీ దిగింది. లాకప్ వదిలి, తిరిగి పట్టుకుందన్నమాట. పట్టుకునేటప్పుడు గరుకు రోడ్డు మీద పోతున్నట్టు వణికితే లాకప్ క్లచ్ అరిగినట్టే. ఇందులో వణుకు లేదు.

తిరిగొచ్చి వేడి మీద డిప్‌స్టిక్ తీశాం. అలిసన్‌కు పార్క్‌లో చూడాలి, పాత 48ఆర్ఈకి న్యూట్రల్‌లో. తెల్ల కాగితం మీద తుడిస్తే ఎర్రగా, పల్చగా పాకింది. మాడిన వాసన లేదు. అమ్మేవాడిని అడిగి, బండి చల్లారాక కిందికి దూరి బయటి ఫిల్టరు విప్పాను. దానికి ఉండే గుండ్రటి అయస్కాంతం మీద బూడిదరంగు కాటుకలాంటి ముద్ద, పల్చగా. వేలి మీద రుద్దితే మెత్తగా ఉంది. సూదుల్లాంటి ముక్కలు ఒక్కటీ తగల్లేదు. మావాడు నా వేలు పట్టుకుని దీపం వెలుగులో రెండుసార్లు చూశాడు. ఆ బండే కొన్నాడు.

ఈ వారం పని

మీ చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న మూడు ఒక టన్ను డీజిల్ బండ్లు ఎంచుకోండి. ఒక్కోదానికి గేర్‌బాక్స్ పేరు, మొదటి గేరును ఇరుసుతో గుణించిన అంకె, కంపెనీ ఎగ్జాస్ట్ బ్రేక్ ఉందో లేదో రాయండి. గుణకారం మరీ తక్కువున్న బండిని మన ట్రైలర్‌కు పక్కన పెట్టండి. ఇది నా గీత, చట్టం కాదు. వచ్చే పాఠంలో ట్రైలర్ బ్రేక్ కంట్రోలరు, ట్రక్ స్టాపుల్లో కాటా మీద ఇరుసు ఇరుసుగా తూయించుకోవడం, అద్దెకు లోడ్లు తోలాలనుకునే వాళ్లకు 26,001 పౌండ్ల లైసెన్స్ లెక్క చూద్దాం. ఆ మూడు బండ్ల కాగితం దగ్గర పెట్టుకోండి, దానితోనే మొదలుపెడతాం.