టైమర్ పెట్టాను, పని మాత్రం జరగలేదు

రాత్రి రెండున్నరకు డేటాబేస్ బ్యాకప్ తీయమని, లినక్స్‌లో పనుల్ని మొదలుపెట్టి నడిపించే సిస్టమ్‌డీలో టైమర్ పెట్టి నిశ్చింతగా పడుకుంటాం. తెల్లారి చూస్తే ఫోల్డర్ ఖాళీ. వెంటనే స్క్రిప్టు తెరిచి తప్పులు వెతకడం మొదలుపెడతారు చాలామంది. కాస్త ఆగండి. సిస్టమ్‌డీలో ఒక్కో పనికి రెండు ఫైళ్లుంటాయి. ఎప్పుడు చెయ్యాలో చెప్పేది బ్యాకప్.టైమర్, ఏం చెయ్యాలో చెప్పేది బ్యాకప్.సర్వీస్. అలారం మోగలేదా, మోగినా మనిషి లేవలేదా? ముందు అది తేలాలి.

తేల్చేది ఒకే కమాండు: సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్ --ఆల్. (కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషులోనే.) లాస్ట్ అన్న గడిలో రాత్రి సమయం ఉందంటే అలారం మోగింది, గొడవ సర్వీసులో ఉంది. ఆ గడిలో సమయం లేకపోతే టైమర్‌నే పట్టుకోవాలి.

లిస్టులో టైమర్ పేరే లేదు

ఉత్త ఎనేబుల్ కొట్టి వదిలేసి ఉంటారు. ఎనేబుల్ అంటే మెషీన్ మళ్లీ బూట్ అయినప్పటి నుంచి అని అర్థం, ఇప్పటి నుంచి కాదు. సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ బ్యాకప్.టైమర్ అని కొట్టండి. టైమర్‌కి బదులు సర్వీసుని ఎనేబుల్ చేసేవాళ్లూ ఉన్నారు. అప్పుడు బ్యాకప్ బూట్ అయినప్పుడల్లా నడుస్తుంది, రాత్రి మాత్రం నడవదు. సర్వీసుని డిసేబుల్ చేసి టైమర్‌ని ఎనేబుల్ చెయ్యండి. ఫైలు మార్చిన ప్రతిసారీ సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్ కొట్టడం మరవకండి, మార్పుని సిస్టమ్‌డీ అప్పుడే చదువుతుంది.

నడుస్తోంది, కానీ వేళ తప్పి

ఇందులో నేనూ దెబ్బతిన్నాను. రాత్రి 2:30కి పెట్టిన బ్యాకప్ పొద్దున సరిగ్గా 8 గంటలకు, జనం లాగిన్ అయ్యే వేళకు మొదలై డేటాబేస్‌ని ఈడ్చేది. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంది. మన సమయం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. లెక్క కుదిరింది కదా! టైమర్ ఫైల్లో సమయం రాసే ఆన్‌క్యాలెండర్ లైను చివర ఏషియా/కోల్‌కతా అని చేర్చితే సరిపోయింది, సర్వర్ టైమ్‌జోన్ ముట్టుకోనక్కర్లేదు. సేవ్ చేసే ముందు సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్యాలెండర్ కమాండుకి ఆ సమయాన్ని కోట్స్‌లో పెట్టి ఇవ్వండి, తర్వాత ఎప్పుడు మోగుతుందో చెబుతుంది. ఇరవై, ముప్పై సెకన్ల తేడా తప్పు కాదు. టైమర్ ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే అక్యురసీసెక్ డిఫాల్టు ఒక నిమిషం.

రోజుకి రెండుసార్లు నడుస్తోందా? సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో కొత్త సమయం రాశారన్నమాట. కొత్త ఆన్‌క్యాలెండర్ పాతదాన్ని చెరపదు, దాని పక్కన చేరుతుంది. కొత్త లైనుకి ముందు ఖాళీ ఆన్‌క్యాలెండర్= లైను ఒకటి రాస్తే పాతది పోతుంది.

ఆ వేళకు మెషీన్ ఆఫ్‌లో ఉంది

ల్యాప్‌టాప్‌లకు మామూలే. టైమర్ సెక్షన్‌లో పర్సిస్టెంట్=ట్రూ రాయండి, తప్పిపోయిన పని ఆన్ చేయగానే నడుస్తుంది. ఇది ఆన్‌క్యాలెండర్‌తోనే పనిచేస్తుంది.

ఒకసారి నడిచి మళ్లీ నడవలేదు

సర్వీస్ ఫైల్లో రిమైన్‌ఆఫ్టర్‌ఎగ్జిట్=యస్ ఉందేమో చూడండి. పని అయిపోయినా సర్వీసు యాక్టివ్‌గానే ఉండిపోతుంది. నడుస్తున్నదాన్ని టైమర్ మళ్లీ మొదలుపెట్టదు. ఆ లైను తీసేయండి.

అలారం మోగింది, బ్యాకప్ మాత్రం లేదు

ఇక్కడే ఎక్కువ రాత్రులు పోతాయి. జర్నల్‌సీటీఎల్ -యు బ్యాకప్.సర్వీస్ అని కొట్టి, వచ్చే లాగ్‌లో చివరి లైన్లు చదవండి. 203/ఎగ్జెక్ అని ఉంటే సిస్టమ్‌డీ మీ స్క్రిప్టుని అసలు మొదలుపెట్టలేకపోయింది. స్క్రిప్టు పాత్ తప్పు కావచ్చు, సీహెచ్‌మోడ్ +ఎక్స్‌తో దానికి నడిచే అనుమతి ఇవ్వకపోయి ఉండొచ్చు. లేదా స్క్రిప్టుని ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే #!/బిన్/బాష్ మొదటి లైన్లో లేకపోవచ్చు. చేత్తో నడిపితే బానే నడుస్తుందే అంటారా? ఆ లైను లేకపోయినా బాష్ సర్దుకుని తనే నడిపిస్తుంది. సిస్టమ్‌డీకి ఆ మొహమాటం లేదు. విండోస్‌లో రాసిన ఫైలైతే లైను చివర కనబడని అక్షరం ఒకటి అంటుకుని వస్తుంది. డాస్‌2యూనిక్స్‌తో దులిపేయండి.

203 కాకుండా కమాండ్ నాట్ ఫౌండ్ అంటే, ప్రోగ్రాముల కోసం ఏ ఫోల్డర్లలో వెతకాలో చెప్పే పాత్ సెట్టింగు గొడవ. మీ టెర్మినల్ సెట్టింగులుండే బాష్‌ఆర్‌సీ ఫైలుని సిస్టమ్‌డీ చదవదు. స్క్రిప్టులో ప్రతి ప్రోగ్రాముకీ పూర్తి పాత్ రాయండి.

సర్వీస్ ఫైల్లో ఏం నడపాలో చెప్పే ఎగ్జెక్‌స్టార్ట్ లైన్లోనే కమాండంతా కుక్కితే ఇంకో తంటా. అక్కడ బాష్ లాంటి షెల్ ఉండదు కాబట్టి ఫలితాన్ని ఫైల్లోకి పంపే > గుర్తూ పైపూ పనిచేయవు, మామూలు అక్షరాల్లా ప్రోగ్రాముకే వెళ్లిపోతాయి. ఫైలు పేరులో తేదీ కోసం %ఎమ్ రాస్తే నెల రావాల్సిన చోట మెషీన్ ఐడీ వస్తుంది, ఎందుకంటే యూనిట్ ఫైల్లో ఆ గుర్తుకి అర్థం వేరు. %% అని రెండుసార్లు రాయొచ్చు. నన్నడిగితే అంతా స్క్రిప్టులో పెట్టి, ఎగ్జెక్‌స్టార్ట్‌లో స్క్రిప్టు పాత్ ఒక్కటే ఉంచడం మేలు.

సరిచేశాక రాత్రి దాకా ఎదురుచూడకండి. సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ బ్యాకప్.సర్వీస్ అంటే ఇప్పుడే నడుస్తుంది, అదీ టైమర్ నడిపే వాతావరణంలోనే.

లాగౌట్ అవగానే ఆగిపోతోంది

సిస్టమ్‌సీటీఎల్ --యూజర్‌తో మీ సొంత ఖాతా కింద పెట్టిన టైమర్ మీ లాగిన్‌తో పాటే ముగుస్తుంది. లాగిన్‌సీటీఎల్ ఎనేబుల్-లింగర్ తర్వాత మీ యూజర్ పేరు రాసి కొట్టండి. మీరు లేకపోయినా నడుస్తుంది, మెషీన్ రీబూట్ అయినా నడుస్తుంది.