బంగారు నగల ఆన్‌లైన్ అమ్మకం – మూడవ పాఠం: దుకాణంతో ఒప్పందం, బిల్లు, వాటా

మొదటి పాఠంలో ఎలాంటి దుకాణంతో జత కట్టాలో, రెండవ పాఠంలో నగను ఎలా ఫొటో తీయాలో తెలుసుకున్నాం. ఈ పాఠం పూర్తిగా డబ్బు లెక్కకు సంబంధించినది. సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనో, చార్‌కమాన్ పరిసరాల్లోనో, అమీర్‌పేటలోనో ఏళ్ల తరబడి నడుస్తున్న దుకాణం యజమాని తన సరుకును మీ ఆన్‌లైన్ పేజీ ద్వారా అమ్మడానికి ఒప్పుకున్నారంటే సగం పని అయినట్టే అనిపిస్తుంది. అయితే నగ అమ్ముడుపోయాక ఎవరికెంత అన్నది ముందుగా రాసుకోనిచోట, మొదటి పెద్ద బేరంతోనే మాట పట్టింపులు మొదలవుతాయి. కనుక పేజీకి ఏ పేరు పెట్టాలి, ఏ రంగులు వేయాలి అన్న ఆలోచన పక్కన పెట్టి, ముందు కాగితం, కలం తీసుకుని కూర్చోండి.

చీటీ చదవడం

ఒక గుట్టపూసల హారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దాని కొక్కేనికి దారంతో కట్టిన చిన్న చీటీ మీద దుకాణం వేసుకున్న వరుస సంఖ్య, మొత్తం తూకం, నికర తూకం, రాళ్ల వివరం ఉంటాయి. మన హారం మొత్తం తూకం 32.500 గ్రాములు అనుకుందాం. అంచున గుత్తులుగా వేలాడే ముత్యాలు 6.200 గ్రాములు, బిళ్లల్లో పొదిగిన కెంపులు 1.300 గ్రాములు తీసివేస్తే నికర బంగారం 25.000 గ్రాములు మిగులుతుంది. బంగారం ధర కట్టవలసింది ఈ 25 గ్రాములకే. రాళ్ల బరువును చీటీ మీద క్యారెట్లలో రాసి ఉంటే దాన్ని ఐదుతో భాగించి గ్రాములు చేసుకోవాలి; ఇక్కడి కెంపులు 6.5 క్యారెట్లు. ఇది రాళ్ల బరువును కొలిచే క్యారెట్. బంగారం నాణ్యతను చెప్పే 22 క్యారెట్లకు దీనితో సంబంధం లేదు. ఈ సంగతిని నగ వివరాల్లో కొనేవారికి అర్థమయ్యేలా రాయడం మీ బాధ్యత.

కొనేవారు తులాల్లో అడుగుతారు. పాత లెక్కలో తులం అంటే 11.664 గ్రాములు, నేటి వాడుకలో చాలామంది 10 గ్రాములనే తులం అంటున్నారు. రెండు తులాల గొలుసు అన్నప్పుడు ఈ రెండు లెక్కల మధ్య మూడు గ్రాములకు పైగా తేడా వస్తుంది. మాటల్లో వాళ్లు తులం అన్నా, మీరు రాసేచోట మాత్రం గ్రాముల్లో, మూడు దశాంశాల వరకు, మొత్తం తూకం, నికర తూకం రెండూ రాయండి.

ఇప్పుడు ధర కడదాం. లెక్క సులువుగా ఉండడానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. మీరు కట్టేటప్పుడు ఆ రోజు ధర వేసుకోండి. నికర బంగారం విలువ 2,50,000 రూపాయలు. దాని మీద తరుగు (తయారీలో పోయే బంగారం), మజూరీ (పనివారి కూలి) కలిపి 14 శాతం, అంటే 35,000. ముత్యాలు, కెంపుల విలువ 9,000. మొత్తం 2,94,000. దుకాణం తయారైన నగను అమ్ముతున్నప్పుడు ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ, అంటే 8,820 రూపాయలు చేరుతుంది. కొనేవారు చెల్లించవలసింది 3,02,820 రూపాయలు. ఈ అంకెలను విడివిడిగా పేజీ మీద చూపించండి. బంగారం కొనడానికి వెళ్లిన ఏ తెలుగింటి ఆడవారైనా కౌంటర్ దగ్గర మొదట అడిగేది ‘తరుగు ఎంత వేస్తారు?’ అనే కదా. ఆ జవాబు దాచిన పేజీని వాళ్లు నమ్మరు.

వాటా దేని మీద

కొత్తగా వచ్చినవారు తరచుగా బిల్లు మొత్తం మీద 5 శాతం వాటా అడుగుతారు. బట్టల వ్యాపారంలోనో, గృహోపకరణాల వ్యాపారంలోనో అది చిన్న కోరికే. బంగారంలో అది దుకాణాన్ని నష్టంలోకి నెడుతుంది. ఎందుకో పై హారంతోనే చూద్దాం. 2,50,000 రూపాయల బంగారంలో దుకాణానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, అమ్మినంత బంగారాన్ని అదే ధరకు తిరిగి కొనుక్కోవాలి. మిగులు ఉండేది తరుగు, మజూరీల్లోనే. ఆ 35,000లో పనివారి కూలికీ, కరిగించడంలో, అరగదీయడంలో పోయే బంగారానికీ 20,000 ఖర్చయిందనుకుంటే దుకాణానికి మిగిలేది 15,000. పన్నుకు ముందు మొత్తమైన 2,94,000 మీద 5 శాతం అంటే 14,700. అది మీకు ఇచ్చేశాక యజమాని చేతిలో ఉండేది 300 రూపాయలు. కొనేవారు క్రెడిట్ కార్డుతో చెల్లించి, ఆ చెల్లింపును దుకాణానికి చేర్చే పేమెంట్ గేట్‌వే సంస్థ 2 శాతం కోసుకుంటే మరో 6,000 రూపాయలకు పైగా పోతుంది. ఇలాంటి ఒప్పందానికి తెలియక ఒప్పుకున్న యజమాని రెండో నగ నాటికి మీ ఫోన్ ఎత్తడం మానేస్తారు.

అందుకే వాటాను బిల్లులో కనిపించే తరుగు, మజూరీల మొత్తం మీద మాత్రమే లెక్క కట్టాలని నా గట్టి అభిప్రాయం. నాలుగో వంతు అనుకుంటే ఈ హారం మీద మీకు 8,750, దుకాణానికి ఖర్చులు పోను 6,250 వస్తాయి. నికర లాభంలో సగం అడగవచ్చు కదా అని కొందరంటారు. అలా అడిగితే పనివారికి ఎంత ఇచ్చారో, బంగారం ఎంత పోయిందో యజమాని మీకు చెప్పవలసి వస్తుంది. ఆయన చెప్పరు, చెప్పమని అడగడం మర్యాద కూడా కాదు. తరుగు, మజూరీ బిల్లు మీద ఇద్దరికీ కనిపించే అంకె కాబట్టి దాని మీద తగవు రాదు.

ఈ పద్ధతిలో బేరం కూడా న్యాయంగా సర్దుకుంటుంది. కొనేవారు పట్టుబట్టి తరుగు, మజూరీలను 14 శాతం నుంచి 11 శాతానికి తగ్గించుకున్నారనుకోండి. ఆ మొత్తం 27,500 అవుతుంది, మీ వాటా 6,875కు దిగుతుంది, దుకాణానికి 625 మాత్రమే మిగులుతుంది. బేరం భారం ఇద్దరి మీదా పడింది గానీ, దుకాణం మీద మరీ ఎక్కువగా పడింది. కనుక ప్రతి నగకూ ‘ఇంతకంటే తగ్గించరాదు’ అన్న కనీస శాతాన్ని యజమానితో ముందే రాయించుకుని, ఆ హద్దు వరకు తగ్గించే అధికారం మీ దగ్గర ఉంచుకోండి. 12 శాతం దగ్గర ఆగితే మీకు 7,500, దుకాణానికి 2,500 ఉంటాయి. హద్దు దాటి అడిగేవారిని దుకాణానికే పంపండి.

చూసింది ఇక్కడ, కొన్నది అక్కడ

ఒప్పందంలో అందరూ మరిచిపోయే అంశం ఇది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. హైదరాబాద్‌లో మూడు లక్షల హారాన్ని ఫొటో చూసి నేరుగా కొనేవారు తక్కువ. పేజీ మీద చూస్తారు, వాట్సాప్‌లో వీడియో అడుగుతారు, ఆదివారం ఇంటిల్లిపాదీ బయల్దేరి దుకాణానికి వెళ్లి మెడలో పెట్టుకుని చూసి, అక్కడే డబ్బు కడతారు. అమెరికాలో ఉన్న అమ్మాయి వీడియో కాల్‌లో ఎంచితే ఇక్కడి తల్లి వెళ్లి తెచ్చుకోవడం కూడా మామూలే. ఆ అమ్మకం ఎవరి ఖాతాలోకి వస్తుంది? దుకాణంలోని సేల్స్‌మన్ తనదంటారు, మీరు మీదంటారు, యజమాని ఇబ్బంది పడతారు.

దీనికి మందు విచారణల పుస్తకం. ఎవరైనా మీ ద్వారా నగ గురించి అడిగిన వెంటనే వారి అనుమతితో పేరు, ఫోన్ నంబరు, చీటీ సంఖ్య రాసి, అదే రోజు దుకాణానికి పంపండి. ఒప్పందంలో ఈ వాక్యం ఉండాలి: “విచారణల పుస్తకంలో నమోదైన తేదీ నుంచి 30 రోజుల లోపు ఆ వ్యక్తి గానీ, వారి కుటుంబ సభ్యులు గానీ దుకాణంలో ఏ నగ కొన్నా, బిల్లులో చూపిన తరుగు, మజూరీల మొత్తంలో నాలుగో వంతు వాటాగా చెల్లించవలెను, నగ తిరిగి ఇచ్చే గడువు ముగిసిన ఏడు రోజులలో ఈ చెల్లింపు జరుగవలెను.” ‘ఏ నగ కొన్నా’ అన్న మాట వదలకండి. హారం చూసి వెళ్లినవారు జుమ్కీలతో తిరిగి రావచ్చు. వాళ్లు రెండేళ్ల తరువాత మళ్లీ వచ్చి కొంటే ఆ అమ్మకం మాత్రం దుకాణానిదే. అది వారి మర్యాదకూ, పనితనానికీ దక్కిన ఫలం.

బిల్లు ఎవరి పేర, డబ్బు ఎవరి ఖాతాలో

రెండూ దుకాణానివే కావాలి. హాల్‌మార్కు (నాణ్యత పరీక్షించి వేసే ముద్ర) ఉన్న నగలు అమ్మేవారికి బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు ఉండాలి, అది దుకాణానికి ఉంటుంది. 2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్కు తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) లేని హాల్‌మార్కు నగను అమ్మరాదు. నగ మీద బీఐఎస్ గుర్తు, 22కె916 వంటి నాణ్యత గుర్తు, హెచ్‌యూఐడీ మూడూ ఉన్నాయో లేదో భూతద్దంతో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి, నగ రకం, నాణ్యత సరిపోయాయని తేల్చుకున్నాకే పేజీకెక్కించండి. హెచ్‌యూఐడీ కనిపించే ఫొటోను అందరికీ చూపకండి, ఆ సంఖ్యను నకిలీ నగ మీద చెక్కే ప్రమాదం ఉంది. కొనడానికి సిద్ధపడినవారికి విడిగా ఇవ్వండి. కుందన్, పోల్కీ, జడావు నగలకు హాల్‌మార్కు నుంచి మినహాయింపు ఉంది కాబట్టి, నిజాం కాలపు తీరులో చేసిన అలాంటి నగలకు బంగారం క్యారెట్‌ను బిల్లు మీదే రాసి ఇవ్వమని దుకాణాన్ని కోరండి. హాల్‌మార్కు నగలో నాణ్యత తక్కువని తేలితే కొనేవారికి ఆ లోటు విలువకు రెట్టింపు పరిహారం, పరీక్ష ఖర్చు చెల్లించవలసింది అమ్మినవారు. బిల్లు మీ పేర ఉంటే ఆ భారం మీదవుతుంది.

డబ్బు విషయంలో మరో చిక్కు ఉంది. దుకాణం సరుకు మీ సైట్ మీద అమ్ముడైతే జీఎస్టీ చట్టం దృష్టిలో మీరు ఈ-కామర్స్ నిర్వాహకులవుతారు, ఆ డబ్బు మీ ఖాతాలోకి వస్తే మూలం వద్ద పన్ను వసూలు చేసి, అంటే దుకాణానికి ఇచ్చే ముందే కొంత పన్ను పట్టుకుని, కట్టే బాధ్యత మీ మీద పడుతుంది. డబ్బు నేరుగా దుకాణం ఖాతాకు వెళ్లేలా చూసి, మీరు మీ వాటాకు మాత్రమే దుకాణానికి బిల్లు ఇవ్వడం సులువైన దారి. మీ పరిస్థితికి జీఎస్టీ నమోదు అవసరమా అన్నది ఖాతాలు చూసే ఆడిటర్‌ను ఒకసారి అడగండి. రెండు లక్షలూ ఆపైన చెల్లింపులను ఆర్‌టీజీఎస్ (బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే పద్ధతి) ద్వారా పంపమని కొనేవారిని కోరండి. అది రోజంతా, అన్ని రోజులూ పనిచేస్తుంది, గేట్‌వే కోత ఉండదు. రెండు లక్షలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకోవడం చట్టరీత్యా కుదరదు, రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ అడగాలి.

ధర నిలిపే గడువు, ఒక్కటే ఉన్న నగ

బంగారం ధర రోజూ మారుతుంది. చూపిన ధర ఎంతసేపు నిలుస్తుందో పేజీ మీద రాయండి, అరగంట చాలు. డబ్బు అందిన సమాచారం వెంటనే యజమానికి చేరితే ఆయన అదే రోజు అంత బంగారం తిరిగి కొనుక్కుంటారు. చేతిపని నగ సాధారణంగా ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఆన్‌లైన్‌లో పెట్టిన నగల చీటీలకు వేరే రంగు దారం కట్టించి, అది కౌంటర్ మీద అమ్ముడైన నిమిషంలోనే మీకు కబురు వచ్చే ఏర్పాటు చేసుకోండి.

నగ తిరిగి తీసుకోవడం గురించి ఒక్క మాట. లోపం ఉన్నా, వివరించిన దానికి భిన్నంగా ఉన్నా తిరిగి తీసుకోనని అనడానికి 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నియమాలు ఒప్పుకోవు. మనసు మార్చుకున్నవారి సంగతి వేరు. అక్కడ పూర్తి డబ్బు వాపసు అని రాసేస్తే, ధర పడిన వారంలో నగ తిరిగిచ్చి అదే నగను చవగ్గా మళ్లీ కొనేవారు ఎదురవుతారు. ఆ నష్టం దుకాణం భరించాలి. అలాంటివారికి మార్పిడి మాత్రమే, అదీ పాత నగకూ కొత్త నగకూ మొదట కొన్న రోజు బంగారం ధరకే అని రాయండి.

అభ్యాసం

మీ దుకాణం నుంచి ఏవైనా ఐదు నగల చీటీలు చూసి, ప్రతిదానికీ నేటి ధరతో పై విధంగా బిల్లు కట్టండి. తరువాత 14, 12, 11 శాతాల దగ్గర మీ వాటా ఎంతో పక్కన రాయండి. పనివారి ఖర్చు మీకు తెలియదు కాబట్టి, ఆ కాగితం యజమానికి ఇచ్చి, ఏ శాతం దగ్గర ఆగాలో ఆయన చేతనే గీత గీయించండి. ఆషాఢంలో పెళ్లిళ్లు లేక దుకాణాలు కాస్త తీరికగా ఉంటాయి, ఈ సంభాషణకు అదే అనువైన కాలం. శ్రావణం వస్తే ఆయనకు కూర్చునే తీరిక దొరకదు. తరువాతి పాఠంలో నగను సీలు వేయడం, బీమాతో పంపడం, గుమ్మం దగ్గర అప్పగించడం నేర్చుకుందాం. అప్పటికి ఆ గీత గీసిన కాగితం మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.